క్రూయిజ్ ఓడలో కళాకారులుగా పనిచేస్తూ కరీబియన్ దీవులు చూడటం: సమగ్ర మార్గదర్శి

క్రూయిజ్ ఓడలో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు, వాయించేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. టికెట్ కొని ఎక్కిన ప్రయాణికుడికి అది లేదు. ప్రయాణికుడు సెయింట్ థామస్ దీవిని ఒక్క పూట చూసి వెళ్లిపోతాడు. ఆరు నెలల కాంట్రాక్టు మీద ఉన్న గాయని అదే రేవులో పదమూడు సార్లు దిగవచ్చు. మయామీ నుంచి ఒక వారం తూర్పు కరీబియన్, మరో వారం పశ్చిమ కరీబియన్ తిరిగే ఓడకు లెక్క దాదాపు అలాగే వస్తుంది. కాకపోతే దిగిన ప్రతిసారీ చేతిలో ఉండేది మూడు నాలుగు గంటలే. మొదటి రోజే దీవంతా చుట్టేద్దామని టాక్సీ ఎక్కినవాళ్లు కిటికీలోంచి రోడ్డు చూసి తిరిగొస్తారు. దీవిని ముక్కలు చేసుకుని, ఒక్కో విడతకు ఒక్క ముక్కే చూడాలి. కింద చెప్పేదంతా ఆ పద్ధతి ప్రకారమే.

1. సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

పగలు ఎంత ఖాళీ దొరుకుతుందన్నది మీ కళను బట్టి కాదు, మీ పోస్టును బట్టి ఉంటుంది. థియేటర్‌లో పెద్ద షోలు చేసే గాయకులు, డాన్సర్లకు పని ఎక్కువగా రాత్రిపూట. రేవు రోజుల్లో మధ్యాహ్నం రిహార్సల్ లేకపోతే పగలు వాళ్లదే. లాంజ్‌లో పియానో వాయించేవాళ్లకూ అంతే. పూల్ డెక్ మీద వాయించే బ్యాండుకు మాత్రం చిక్కు ఉంది. ఓడ రేవు వదిలే వేళకు అక్కడ సంగీతం మోగుతూ ఉండాలి, కాబట్టి అందరికంటే ముందు వెనక్కి రావాల్సింది వాళ్లే. క్రూయిజ్ స్టాఫ్‌గా చేరి అప్పుడప్పుడు పాడేవాళ్లకు పగలంతా ఆటలు, క్విజ్‌లు, వరుసలు చూసుకోవడంతోనే సరిపోతుంది. వారానికి ఒకటి రెండు షోలు మాత్రమే ఇచ్చే గెస్ట్ ఎంటర్‌టైనర్‌కు ఖాళీ ఎక్కువే, కానీ కాంట్రాక్టు చిన్నది.

ఉద్యోగం ఇప్పించే ఏజెంటును మూడు ప్రశ్నలు సూటిగా అడగండి. ఓడ ఏ రేవులకు, ఎన్ని వారాలకు ఒకసారి వెళ్తుంది? షోలు కాకుండా వేరే డ్యూటీలు ఉన్నాయా? రేవు రోజుల్లో రిహార్సల్స్ ఏ వేళకు పెడతారు?

కాగితాల విషయంలో, అమెరికా రేవుల నుంచి నడిచే ఓడకు సి1/డి వీసా (ఓడ సిబ్బందికి అమెరికా ఇచ్చే వీసా), సీఫేరర్ మెడికల్ (నావికుల ఆరోగ్య పరీక్ష) తప్పనిసరి. ఎస్.టి.సి.డబ్ల్యు. (నావికుల శిక్షణకు అంతర్జాతీయ నియమావళి) ప్రాథమిక భద్రతా కోర్సులు ఇక్కడే పూర్తి చేసుకోవాలా, ఓడ ఎక్కాక శిక్షణ ఇస్తారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలామంది పట్టించుకోనిది ఎల్లో ఫీవర్ టీకా. మీ ఓడ పనామా, కొలంబియా, బ్రెజిల్ రేవుల్లో ఆగితే, అక్కడి నుంచి 6 రోజుల్లోపు భారత్‌లో దిగేవాళ్లను సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ప్రయాణం ముందు రోజు పరుగెత్తి లాభం లేదు. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

కాలం ఎంచుకునే వీలుంటే నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా మేలు. వానలు తక్కువ, గాలి చల్లన. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మరీ ఎక్కువ, అప్పుడు కెప్టెన్ రాత్రికి రాత్రే రేవులు మార్చేస్తాడు.

2. మొదటి పది రోజులు: ప్లాన్లు పెట్టుకోకండి

ఓడ ఎక్కిన మొదటి వారం భద్రతా శిక్షణ, డ్రిల్లులు, మీ ఎమర్జెన్సీ డ్యూటీ నేర్చుకోవడంతోనే గడిచిపోతుంది. ప్రయాణికుల ఓడలో ప్రతి వారం డ్రిల్లు ఉంటుంది, అదీ ఎక్కువగా రేవులో ఆగిన ఉదయమే. ఏ రేవులో డ్రిల్లు పెడుతున్నారో రెండు విడతలు గమనిస్తే వరుస అర్థమవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇన్-పోర్ట్ మ్యానింగ్, క్రూ (ఓడ సిబ్బంది) నోట ఐపీఎం. ఓడ రేవులో ఉన్నా, అగ్ని ప్రమాదం లాంటిది జరిగితే ఎదుర్కోవడానికి క్రూలో కొంత భాగం ఓడలోనే ఉండాలి. అందుకే క్రూను గుంపులుగా విడదీసి వంతులు వేస్తారు. మీ వంతు రోజు కాలు కింద పెట్టకూడదు. వంతు మార్చుకోవాలంటే మీలాంటి ఎమర్జెన్సీ డ్యూటీయే ఉన్నవాళ్లతో మార్చుకోవాలి, పై అధికారి సంతకం ముందే ఉండాలి. నోటిమాటతో మార్చుకుని దిగితే గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే దారి) దగ్గర మీ కార్డు స్కాన్ చేయగానే దొరికిపోతారు. దానికి వచ్చే వార్నింగ్ లెటర్ కాంట్రాక్టు అయ్యేదాకా ఫైలులోనే ఉంటుంది.

నోటుబుక్కులో మూడు గడుల పట్టిక గీయండి: రేవు, తేదీ, ఆ రోజు డ్యూటీ. ఐపీఎం, డ్రిల్లు, రిహార్సల్ రోజులు కొట్టేశాక మిగిలేవే మీకు దక్కిన రోజులు. పదమూడు విడతల్లో ఎనిమిదో తొమ్మిదో మిగులుతాయి. వాటికే ముక్కలు పంచుకోవాలి.

3. రేవు రోజును గంటల్లో కొలవడం

ఒక లెక్క చూడండి. ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి బయల్దేరుతుంది. ప్రయాణికులు 4.30కి వచ్చేయాలి, క్రూ అంతా ఓడలో ఉండాల్సిన వేళ (ఆల్ అబోర్డ్) 4 గంటలు అనుకుందాం. మీకు 3కి సౌండ్ చెక్, రాత్రి 7కి, 9కి రెండు షోలు. అధికారుల క్లియరెన్సు, ప్రయాణికుల రద్దీ దాటి మీరు దిగేసరికి 8.45. సౌండ్ చెక్ ముందు స్నానం, భోజనానికి ఒక గంట కావాలి, అంటే గ్యాంగ్‌వే దగ్గర 2కే ఉండాలి. చేతికి వచ్చింది ఐదుంబావు గంటలు. అందులో ఒక గంట ట్రాఫిక్‌కు, వానకు, టాక్సీ దొరక్కపోవడానికి వదిలేయండి. మిగిలిన నాలుగుంబావులో రానుపోను ప్రయాణం మూడో వంతు మించకూడదు. అంటే ఒకవైపు సుమారు నలభై నిమిషాల దూరంలో ఉన్న చోటే ఆ రోజుకు సరైనది. అంతకంటే దూరమైనది రిహార్సల్ లేని రోజుకు దాచుకోండి.

ఇక గడియారం. ఓడ అందుకోలేకపోయిన క్రూలో చాలామంది పొరబడింది దూరం దగ్గర కాదు, టైం దగ్గర. ఓడ నడిచేది ఓడ టైం ప్రకారం. దీవి టైం వేరుగా ఉండవచ్చు. తూర్పు కరీబియన్ దీవులు ఏడాదంతా ఒకే టైంలో ఉంటాయి, మయామీ మాత్రం వేసవిలో గంట ముందుకు జరుపుకుంటుంది. అందుకే వేసవిలో సెయింట్ థామస్, మయామీ ఒకే టైంలో ఉంటాయి, చలికాలంలో సెయింట్ థామస్ గంట ముందుంటుంది. మెక్సికో దీవి కోజుమెల్‌ది దీనికి తిరగేసిన లెక్క: చలికాలంలో మయామీతో సమానం, వేసవిలో గంట వెనక. ఫోన్ దీవి టవరు పట్టుకుని తనంతట తానే టైం మార్చేసుకుంటుంది. అందుకే చేతికి మామూలు గడియారం కట్టుకుని, గ్యాంగ్‌వే దగ్గరి గడియారంతో సరిచూసుకుని దిగాలి.

గ్రాండ్ కేమన్ లాంటి చోట్ల ఓడ ఒడ్డుకు చేరదు, టెండర్ పడవల్లో వెళ్లాలి. మొదటి పడవలు ప్రయాణికులవి. క్రూకు చోటు దొరికేసరికి గంట పైనే పోవచ్చు, తిరిగి వచ్చేటప్పుడూ అదే వరుస. టెండర్ రేవుల్లో ఒడ్డుకు దగ్గరున్న బీచ్‌తో సరిపెట్టుకోవడమే తెలివైన పని.

4. సంచిలో ఏముండాలి

ఓడ ఐడీ కార్డు, అమెరికా రేవులైతే క్రూ ల్యాండింగ్ పర్మిట్ (ఒడ్డుకు దిగే అనుమతి కాగితం), పాస్‌పోర్ట్ జిరాక్స్ తీసుకోవాలి. అసలు పాస్‌పోర్ట్ ఓడ క్రూ ఆఫీసులోనే ఉంటుంది. రోజువారీ కార్యక్రమాల కాగితం మీద పోర్ట్ ఏజెంటు (రేవులో ఓడ పనులు చూసే స్థానిక ప్రతినిధి) ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీయడమే కాదు, చేత్తో రాసి కూడా పెట్టుకోండి. ఫోన్ నీళ్లలో పడితే ఫొటో ఎందుకూ పనికిరాదు. పది లీటర్ల వాటర్‌ప్రూఫ్ సంచి, లీటరు నీళ్లు, ఒకటి, ఐదు డాలర్ల చిల్లర నోట్లు, పొడుగు చేతుల స్విమ్ షర్టు, నీళ్లపై తేలుతూ ఊపిరి పీల్చే గొట్టంతో సొంత స్నార్కెల్ మాస్కు ఉంటే చాలు. అద్దె మాస్కు ముఖానికి సరిగ్గా కూర్చోక నీళ్లు కారుతూనే ఉంటుంది.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి పగడాలకు హాని చేస్తాయని అమెరికన్ వర్జిన్ దీవులు 2020 నుంచి నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి. మిలటరీ రంగుల మచ్చల బట్టలు ఇంట్లోనే వదిలేయండి. బార్బడోస్, సెయింట్ లూసియా, డొమినికా, గ్రెనడా, జమైకాల్లో సామాన్యులు అవి వేసుకోవడం చట్టరీత్యా నేరం, పిల్లలకూ మినహాయింపు లేదు.

ఓడలో ఫోన్‌ను ఎప్పుడూ ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచాలి. నడిసముద్రంలో మీ ఇండియా సిమ్ ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ ప్యాక్ వర్తించదు, ఇంటికి వచ్చే బిల్లు చూసి అమ్మానాన్నలు హడలిపోతారు.

5. దీవులను ముక్కలుగా చూడటం

సెయింట్ థామస్. మొదటి విడత నడకకే. హేవెన్‌సైట్ రేవు నుంచి షార్లెట్ అమలీ ఊళ్లోకి నీటి ఒడ్డునే అరగంట పైన నడక. అక్కడ 99 స్టెప్స్ అనే పాత మెట్ల దారి ఉంది, లెక్కపెడితే 103 వస్తాయి. డేనిష్ కాలంలో ఓడల అడుగున బరువు కోసం తెచ్చిన ఇటుకలతో కట్టారు. పైకెక్కితే రేవంతా కనిపిస్తుంది. సెయింట్ థామస్ ఉన్న ఈ వర్జిన్ దీవులను డెన్మార్క్ నుంచి అమెరికా 1917లో కొనుక్కుంది, అయినా బండ్లు ఇప్పటికీ ఎడమవైపే నడుస్తాయి. మనకది అలవాటే కాబట్టి రోడ్డు దాటడం తేలిక. రెండో విడత మేగెన్స్ బే, టాక్సీలో. ఛార్జీ మనిషికి ఇంత అని ఉంటుంది, ఎక్కే ముందే అడగాలి. బీచ్‌కు ప్రవేశ రుసుము వేరే. నీళ్లు నిలకడగా ఉంటాయి, ఈత కొత్తవాళ్లకు మంచి చోటు.

మూడో విడత పక్క దీవి సెయింట్ జాన్. ఇది పూర్తిగా ఖాళీ ఉన్న రోజుకే. రెడ్ హుక్ దాకా రోడ్డు మీద అరగంట నుంచి నలభై నిమిషాలు, అక్కడి నుంచి క్రజ్ బేకు ఫెర్రీలో 20 నిమిషాలు. ఫెర్రీ గంటకు ఒకటి కాబట్టి ఎదురుచూపులతో కలిపి ఒకవైపు గంటన్నర వేసుకోండి. దిగాక రెండు దారులు ఉన్నాయి. టాక్సీలో ట్రంక్ బేకు వెళ్తే నీళ్ల కింద బోర్డులు పెట్టిన స్నార్కెల్ దారి ఉంది. టాక్సీ వద్దనుకుంటే క్రజ్ బే పార్కు కేంద్రం వెనక నుంచి లిండ్ పాయింట్ కాలిబాట పట్టి మైలు దూరం నడిస్తే హనీమూన్ బీచ్. సమయం తక్కువున్నప్పుడు మా ఓటు రెండోదానికే, తిరుగు టాక్సీ కోసం కాచుకోవాల్సిన పని ఉండదు. ఒక హెచ్చరిక: రెడ్ హుక్ నుంచి బ్రిటిష్ వర్జిన్ దీవులకూ ఫెర్రీలు వెళ్తాయి. అది వేరే దేశపు సరిహద్దు, క్రూ షోర్ లీవ్ (రేవులో ఒడ్డుకు దిగే అనుమతి) మీద అక్కడికి వెళ్లకూడదు.

సెయింట్ మార్టెన్. రేవు నుంచి ఫిలిప్స్‌బర్గ్ బీచ్ వీధి నడక దూరమే. ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు చాలావరకు సింధీలవి, హిందీలో బేరం సాగుతుంది. విమానాలు తల మీద నుంచి దిగే మాహో బీచ్ చూడాలని అందరికీ ఉంటుంది. దూరం తక్కువే, కానీ దారిలో సింప్సన్ బే వంతెన పడవల కోసం రోజుకు కొన్నిసార్లు పైకి లేస్తుంది, అప్పుడు రోడ్డంతా ఆగిపోతుంది. వంతెన తెరిచే వేళలు ముందే కనుక్కుని, తిరుగు ప్రయాణం ఆ వేళకు పడకుండా చూసుకోవాలి. రన్‌వే చివరి కంచె పట్టుకుని నిలబడకండి. ఎగిరే జెట్ విసురుకు 2017లో ఒక పర్యాటకురాలు ప్రాణం పోగొట్టుకున్నారు.

బార్బడోస్. రేవు నుంచి కార్లైల్ బే నడిచి వెళ్లవచ్చు. ఒడ్డుకు దగ్గర్లోనే, లోతు తక్కువ నీళ్లలో మునిగిన పడవలు ఉన్నాయి. 1919లో మునిగిన బెర్విన్ అందులో ఒకటి, స్నార్కెల్‌తోనే కనిపిస్తుంది. తాబేళ్లూ వస్తాయి, తాకకూడదు. ఒక అమెరికా డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు, రేటు మారదు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు, సరిగ్గా సరిపడా పెట్టుకోవాలి. ఖాళీ రోజు ఉంటే తూర్పు తీరంలోని బాత్‌షీబా బస్సులో వెళ్లండి. రాతి గుండ్లు, అట్లాంటిక్ అలలు చూసి తీరాలి. అక్కడ ఈతకు మాత్రం దిగకండి, నీరు లోపలికి లాగేస్తుంది. ఈ సూత్రం చాలా దీవులకు వర్తిస్తుంది: పడమర తీరం శాంతంగా, గాలికి ఎదురుగా ఉండే తూర్పు తీరం కటువుగా ఉంటుంది.

సెయింట్ లూసియా. రెండు పిటాన్ శిఖరాలు 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. అవి సూఫ్రియేర్ పక్కన ఉన్నాయి, క్యాస్ట్రీస్ రేవు నుంచి మెలికల కొండ రోడ్డు మీద గంటకు పైనే. గ్రో పిటాన్ ఎక్కి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, దానికి రోడ్డు కలిపితే రేవు రోజు చాలదు. రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, ప్రయాణికులకు ఒడ్డు టూర్లు ఏర్పాటు చేసే షోర్ ఎక్స్‌కర్షన్ డెస్కులో టూర్ ఎస్కార్ట్‌గా పేరు రాయించుకోవడం. చాలా ఓడల్లో ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లకు ఈ వీలుంది. ప్రయాణికుల గుంపు వెంట ఉండి తలలు లెక్కపెట్టడం, ఫారం నింపడం పని. టికెట్ ఖర్చు ఉండదు, ఓడ వారి టూరు కాబట్టి ఆలస్యమైనా ఓడ మీ కోసం చూస్తుంది. రెండోది, ఓడ దక్షిణంగా సాగుతూ పిటాన్ల ముందు నుంచి వెళ్తే క్రూ ఓపెన్ డెక్ నుంచి చూడటం. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన ఆ శిఖరాల రూపం సముద్రం మీంచి తెలిసినంత బాగా రోడ్డు మీంచి తెలియదు. కాస్త ఖాళీ ఉన్న మామూలు రోజుకు 1ఎ మినీబస్సులో గ్రో ఇలే దాకా వెళ్లి, పిజన్ ఐలాండ్ కొండ ఎక్కవచ్చు.

క్యాస్ట్రీస్ బజారులో ఆడవాళ్ల పండగ దుస్తుల గళ్ల గుడ్డ చూసి లుంగీ గుడ్డలా ఉందే అనిపిస్తే అది భ్రమ కాదు. దాన్ని అక్కడ మద్రాస్ అనే పిలుస్తారు. కోరమాండల్ తీరపు నేత పేరు సెయింట్ లూసియా, డొమినికా జాతీయ దుస్తుల్లో అలా నిలిచిపోయింది.

డొమినికా. పచ్చదనం కోసమైతే మిగతావన్నీ దీని తర్వాతే. రాజధాని రోజో నుంచి ట్రఫాల్గర్ జంట జలపాతాలకు వ్యానులో అరగంట లోపే. దక్షిణంగా కాస్త దూరంలో షాంపేన్ రీఫ్, అక్కడ అగ్నిపర్వతపు వాయువు సముద్రం అడుగు నుంచి బుడగలుగా పైకి వస్తూ ఉంటుంది. స్నార్కెల్ వేసుకుని వాటి మధ్య ఈదవచ్చు. బాయిలింగ్ లేక్ మీద ఆశ వదులుకోండి. రానుపోను ఆరు గంటలకు పైనే నడక, అదీ బురద, రాళ్ల దారి. రోజోలో ఎండ కాస్తుందని లోయల్లోని నీటి గుంటల్లో నిశ్చింతగా దిగకండి. గాలి తెచ్చిన మేఘం కొండ మీద కురుస్తుంది, ఆ నీరు అరగంటలో కిందికి ఉరికొస్తుంది. నీళ్ల రంగు మట్టిగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి.

6. గొంతు, చర్మం, కాళ్లు

ఈ దీవుల్లో షోలు చెడేది ఎక్కువగా ఎండ వల్లే. స్విమ్ సూట్ పట్టీల గీతలు భుజాల మీద తేలితే కాస్ట్యూమ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వార్డ్‌రోబ్ సూపర్‌వైజర్ ఊరుకోరు. చర్మం కమిలితే డాన్స్ పార్ట్‌నర్ ఎత్తిన ప్రతిసారీ మంటే. అందుకే స్విమ్ షర్టు వేసుకోవాలి, 11 నుంచి 2 దాకా నీడ పట్టున ఉండాలి. డాన్సర్లు ఇసుక కాలే వేళ చెప్పులు విప్పకూడదు. కొండదారికి రబ్బరు చెప్పులు వద్దు, మడమ బెణికితే కాంట్రాక్టు సగంలో ఇంటికి పంపుతారు. స్కూటర్లు, జెట్ స్కీల మీద నిషేధం ఉందేమో మీ కాంట్రాక్టు తీసి చదవండి.

గాయకులకు ముక్కు దిబ్బడ ఉన్న రోజు స్నార్కెల్‌తో లోతుకు దిగడం మంచిది కాదు, స్కూబా అసలే వద్దు. చెవిలో ఒత్తిడి సరికాక నొప్పి పుడితే ఆ రాత్రి సొంత శ్రుతే సరిగ్గా వినపడదు. బయట ఉన్నంతసేపు గంటకు అర లీటరు నీళ్లు తాగండి, అప్పటికే ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే ఓడ ఏసీలో గొంతు ఇంకా ఎండుతుంది. నిద్ర విషయంలో మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (ఓడ కార్మికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 గంటల విశ్రాంతి మీ హక్కు. కాగితం మీద ఆ గంటలు ఉన్నా, రాత్రి ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేచి వరుసగా మూడు రేవులు తిరిగితే నాలుగో రాత్రి గొంతు పలకదు. వరుసగా రెండు రేవులు తిరిగితే మూడోది నిద్రకు వదిలేయండి.

ఒడ్డున ఒక చెట్టు గుర్తుపట్టడం నేర్చుకోవాలి: మాంచినీల్. ఇసుక తీరాల్లో పెరుగుతుంది, చిన్న పచ్చ ఆపిల్‌లాంటి కాయలు కాస్తుంది. చాలాచోట్ల మొదలు చుట్టూ ఎర్ర రంగు పట్టీ వేస్తారు, అన్నిచోట్లా కాదు. కాయ కొరికితే నోరు, గొంతు కాలిపోతాయి. వానకు దాని కింద నిలబడినా ఆకుల నుంచి కారే పాలకు ఒళ్లు బొబ్బలెక్కుతుంది. తీరం మీద వాన వస్తే చెట్టు కిందికి పరుగెత్తే అలవాటు మానుకోవాలి.

7. ఫొటోలు

మధ్యాహ్నం ఎండలో మనుషుల ఫొటోలు బాగా రావు కానీ, నీళ్ల నీలిపచ్చ రంగు బాగా తేలేది అప్పుడే. సూర్యుడు నడినెత్తిన ఉంటే వెలుగు తెల్లటి ఇసుక అడుగు దాకా వెళ్లి తిరిగి వస్తుంది. కాబట్టి బీచ్ పది నుంచి రెండు మధ్య, కొండలు, ఊళ్లు ఉదయం. పోలరైజర్ ఫిల్టర్ నీటి మీది మెరుపు తీసేస్తుంది. ఓడ రేవులోకి వచ్చే వేళ ముందువైపు క్రూ డెక్‌కు వెళ్లండి. ఖర్చు లేదు, టైం లెక్క లేదు, రిహార్సల్ బట్టల్లోనే వెళ్లవచ్చు. గవ్వలు, శంఖాలు, పగడాలు సంచిలో వేసుకోకండి, వాటిలో చాలావాటి మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి.

8. ఓడ వెళ్లిపోతే

ఆలస్యమవుతోందని తెలిసిన క్షణమే పోర్ట్ ఏజెంటుకు ఫోన్ చేయండి, రేవుకు చేరాక కాదు. ఆయన ఓడతో మాట్లాడగలరు. ఓడ కదిలిపోయి ఉంటే రేవు సెక్యూరిటీ దగ్గరే ఉండండి. క్రూ ఎక్కకుండా మిగిలిపోతే మీ పాస్‌పోర్ట్‌ను సాధారణంగా ఓడ వాళ్లు ఏజెంటుకు అప్పగించి వెళ్తారు. తర్వాతి రేవుకు వెళ్లే ఖర్చు మీదే. వీసా లేని దీవిలోంచి ఇంకో దీవికి విమానం ఎక్కడం భారత పాస్‌పోర్టుతో అంత తేలిక కాదు కాబట్టి, ఏజెంటు చెప్పేదాకా టికెట్ కొనకండి. సూపర్‌వైజర్‌కు ఒక్క మెసేజ్ పెట్టండి, రాత్రి షోలో మీ చోట ఎవరిని నిలబెట్టాలో వాళ్లు అప్పుడే చూసుకోవాలి.